మండపంలో పొగ మిషన్ పెట్టేవాళ్లకు, దానికి కరెంటు ఇచ్చేవాళ్లకు బహిరంగ లేఖ

విద్యుత్ శాఖ సెక్షన్ ఆఫీసుల ఏఈ (అసిస్టెంట్ ఇంజినీర్) గార్లకు, మండపాల అనుమతులు చూసే పోలీసు, మున్సిపల్, అగ్నిమాపక అధికారులకు, టెంట్ హౌస్, లైటింగ్, ఈవెంట్ల పని చేసే నా తోటివాళ్లకు, ఊరూరా ఉన్న గణేశ్ ఉత్సవ కమిటీ తమ్ముళ్లకు,

విషయం: వినాయక చవితి, దసరా మండపాల్లో ఫాగ్ మిషన్ల దగ్గర కరెంటు జాగ్రత్తల గురించి.

నమస్కారం.

మాది గోదావరి ఒడ్డున చిన్న పట్టణం. 22 ఏళ్లుగా మండపాలకు లైటింగ్ వేస్తున్నాను. సీరియల్ బల్బుల రోజుల్లో ఈ పనిలోకి వచ్చాను, ఇప్పుడు పిక్సెల్ ఎల్‌ఈడీలు వేస్తున్నాను. చవితి, దసరా సీజన్ మీదే మా ఇల్లు ఏడాదంతా గడుస్తుంది. పండగ సరదా తగ్గించుకోమని చెప్పడానికి ఈ లేఖ రాయడం లేదు. పొగ మిషన్లు వద్దని కూడా అనను. నా దగ్గరే రెండున్నాయి, అద్దెకు ఇస్తుంటాను.

పోయిన చవితికి మా పక్క వీధి మండపంలో కైలాసం సెట్టింగ్ వేశారు. లైటింగ్ వేసింది వేరేవాళ్లు. గోనెపట్టా, థర్మాకోల్‌తో కొండ, కొండలో గుహ, గుహలో స్వామి. గుహ అడుగున 1500 వాట్ల ఫాగ్ మిషన్ ఒకటి పెట్టారు. దానికి జానెడు దూరంలో, చెక్క పీట మీద, ఎల్‌ఈడీలకు కరెంటు ఇచ్చే పవర్ సప్లై పెట్టెలు నాలుగు. ఎస్‌ఎంపీఎస్ అంటాం వాటిని. చుట్టూ చిల్లులున్న రేకు డబ్బా, ఒక పక్క చిన్న ఫ్యాను, ఇంకో పక్క వైర్లు బిగించే స్క్రూలు.

ఎనిమిదో రోజు రాత్రి హారతి వేళకు పొగ బాగా వదిలారు. లిక్విడ్ అయిపోవచ్చిందని, ఐటీఐ చదివే కుర్రాడొకడు డబ్బా పట్టుకుని సెట్టింగ్ వెనక్కి వెళ్లాడు. మండపం కాబట్టి కాళ్లకు చెప్పులు లేవు. సాయంత్రం వానకు కింద పట్టా తడిసి ఉంది. ఎడమ చేతిలో డబ్బా, కుడి చేయి ఆసరాకి ఆ రేకు పెట్టె మీద వేశాడు. చేయి అతుక్కుపోయింది.

ఆ పొగలో అతను ఎవరికీ కనపడలేదు. డప్పుల మోతలో అరుపు వినపడలేదు. కొబ్బరికాయల బుట్ట కోసం వెనక్కి వెళ్లిన ఒక పెద్దావిడ చూసి కేకలు పెడితే, ఎవరో ప్లాస్టిక్ కుర్చీతో బోర్డు మీద కొట్టి ప్లగ్గు ఊడగొట్టారు. పిల్లాడు బతికాడు. కానీ కుడి చేతి రెండు వేళ్లు ఇప్పటికీ పూర్తిగా ముడుచుకోవు. ఫిట్టర్ ట్రేడ్ చదివేవాడికి ఆ రెండు వేళ్లు ఎంత అవసరమో మీకు చెప్పనక్కర్లేదు. వాళ్ల నాన్న ఆటో నడుపుతాడు. చందా పుస్తకం పట్టుకుని వీధంతా తిరిగిన పిల్లాడి వైద్యానికి, మళ్లీ అదే వీధిలో చందాలు అడిగాం.

మర్నాడు పొద్దున ఆ పెట్టెల మూతలు విప్పి చూశాను. లోపలంతా తడి. వేలు పెడితే జిగటగా అంటుకుంది, వంటింటి ఎగ్జాస్ట్ ఫ్యాన్ రెక్క మీద పేరుకునే జిడ్డులా. ఆ జిడ్డు మీద అగరుబత్తి బూడిద, కర్పూరం మసి, కుంకుమ. కరెంటు వచ్చే ఫేజ్ వైరు బిగించిన స్క్రూ నుంచి బయటి రేకు దాకా సన్నటి నల్ల గీత ఒకటి, చీమల బారులా. కరెంటు ఆ దారినే రేకు మీదకు వచ్చింది. ఎర్త్ ఉంటే ఆ కరెంటు నేలలోకి పోయేది. త్రీపిన్ ప్లగ్గుకు ఎర్త్ కోసం ఉండే పెద్ద పిన్ను పీకేసి ఉంది. పాత ఎక్స్‌టెన్షన్ బోర్డులో పట్టలేదట.

ఆ వారమే కరెంటు ఆఫీసుకు వెళ్లాను. మీటరు దాకే మా బాధ్యత, లోపలి వైరింగు కమిటీవాళ్లది అన్నారు. మున్సిపల్ ఆఫీసులో అడిగితే కరెంటు సంగతి కరెంటువాళ్లనే అడగమన్నారు. స్టేషన్‌లో, ఎవరూ చనిపోలేదు కదా, కేసెందుకు అన్నారు. సోమవారం గ్రీవెన్స్‌లో ఆ నల్ల గీత ఫొటో జతచేసి అర్జీ పెట్టాను. రసీదు ఇచ్చారు. కొన్ని వారాల తర్వాత 'మీ అర్జీ పరిష్కరించబడింది' అని ఫోన్‌కు మెసేజ్ వచ్చింది. మధ్యలో ఎవరూ రాలేదు, ఒక్క ఫోనూ లేదు. అందుకే ఇప్పుడు అందరి ముందూ రాస్తున్నాను.

ముందు ఒక మాట స్పష్టంగా చెప్పాలి. పొగ, స్మోక్ అని పిలవడం వల్లే మనకు దీని మీద భయం లేకుండా పోయింది. అది గాలిలో కలిసిపోయే పొగ అనుకుంటున్నాం. మిషన్ లోపల ఒక లోహపు దిమ్మ 200 డిగ్రీలకు పైగా వేడెక్కుతుంది. చిన్న పంపు లిక్విడ్‌ను దాని గుండా తోస్తుంది. ఆ లిక్విడ్ నీళ్లలో గ్లైకాల్ కలిపింది, కొన్నిట్లో గ్లిజరిన్ ఉంటుంది. ఆవిరై బయటికొచ్చి చల్లగాలి తగలగానే కంటికి ఆనని బిందువులవుతుంది. మనకు తెల్లగా కనిపించేది ఆ తుంపరే. కొంత గాలిలో కలుస్తుంది, మిగతాది విగ్రహం మీదో, పట్టా మీదో, స్విచ్ బోర్డు మీదో వాలుతుంది. గ్లైకాల్‌కీ, గ్లిజరిన్‌కీ గాలిలో తేమను లాక్కునే గుణం ఉంది. పైగా భాద్రపదం, వానలు, నాలుగు వైపులా టార్పాలిన్. ఆ పొర ఆరదు. తొమ్మిది రాత్రులు దాని మీద మసి, బూడిద పడుతూనే ఉంటాయి. పవర్ సప్లైకున్న ఫ్యాను చల్లదనం కోసం గాలి పీలుస్తుంది, ఆ గాలితో తుంపరనూ లోపలికి లాక్కుంటుంది. ఒక బోర్డు మీద మగ్గుడు నీళ్లు పోయమంటే మనలో ఎవరూ పోయరు. రోజుకింత చొప్పున తొమ్మిది రోజులు పోస్తున్నాం, తెలియక.

దీనివల్ల మామూలు జనానికి ఏం జరుగుతోందో ఒక్కొక్కటిగా చెబుతాను.

1. షాక్. 'ఎంసీబీ ఉంది కదా' అని ప్రతి కమిటీలోనూ అంటారు. ఎంసీబీ అంటే లోడు ఎక్కువైతే తనంతట తానే పడిపోయే స్విచ్. అది వైరును కాపాడుతుంది, మనిషిని కాపాడదు. 16 ఆంపియర్ల ఎంసీబీ పడిపోవాలంటే 16 ఆంపియర్లు దాటాలి. మనిషి ప్రాణం తీయడానికి అందులో వందో వంతు కూడా అక్కర్లేదు. ఆ రాత్రి ఆ పిల్లాడి ఒంట్లోంచి కరెంటు పోతుంటే ఎంసీబీ కదల్లేదు, లైట్లు వెలుగుతూనే ఉన్నాయి, పాట ఆగలేదు. ఇలాంటప్పుడు మనిషిని కాపాడేది ఇంకో రకం ఆటోమేటిక్ స్విచ్, ఆర్‌సీసీబీ. వెళ్లిన కరెంటుకూ తిరిగి వచ్చిన కరెంటుకూ తేడా 30 మిల్లీ ఆంపియర్లకు చేరేలోపే, కన్ను మూసి తెరిచేంతలో లైను కట్ చేస్తుంది. దాని ధర సుమారు 2,000 రూపాయలు. ఒక్క రాత్రి డీజేకి ఇచ్చే దానికంటే చాలా తక్కువ.

2. లోడు. 1500 వాట్ల మిషన్ 230 వోల్టుల మీద ఆరున్నర ఆంపియర్లు లాగుతుంది. మనం వాడే ఎక్స్‌టెన్షన్ బాక్సుల్లో మామూలు సాకెట్లు 6 ఆంపియర్లవి. అంటే ఒక్క మిషన్ పెట్టగానే సాకెట్ హద్దు దాటింది. మూడు మిషన్లు ఒకే లైను మీద పెడితే 19 ఆంపియర్లు దాటుతుంది, 16 ఆంపియర్ల ఎంసీబీ కొంతసేపటికి పడిపోవచ్చు. పడిపోవడం దాని ధర్మం. కానీ హారతి వేళ లైట్లు పోతే కమిటీకి టెన్షన్. వెంటనే ఎవరో దాన్ని తీసేసి 32 పెడతారు. ఇక కాలాల్సింది వైరే, అదీ గోనెపట్టా, థర్మాకోల్ మధ్యలో. ఇంకొకటి కూడా గమనించండి. మిషన్ వేడి తగ్గినప్పుడల్లా హీటరు మళ్లీ అందుకుంటుంది. సన్నటి వైరును దూరం నుంచి లాగి ఉంటే అప్పుడల్లా ఓల్టేజీ పడుతుంది, ఎల్‌ఈడీల రంగులు నడిపించే పిక్సెల్ కంట్రోలర్ ఆగి మళ్లీ మొదలవుతుంది. 'కంట్రోలర్ పాడైంది' అని మాకు ఫోన్లొస్తాయి. వెళ్లి చూస్తే కంట్రోలర్ బాగానే ఉంటుంది, ప్లగ్గు ముట్టుకుంటే చేయి కాలుతుంది.

3. నిజమైన పొగను గుర్తుపట్టలేకపోవడం. నన్ను ఎక్కువగా భయపెట్టేది ఇదే. నాలుగేళ్ల కిందట ఒక దసరా మండపంలో పవర్ సప్లై కాలి పొగ వస్తుంటే జనం ఫోన్లు తీసి వీడియోలు తీసుకున్నారు. ఫాగ్ అనుకున్నారు. నేనూ మొదట అలాగే అనుకున్నాను. ప్లాస్టిక్ కాలిన వాసన ముక్కుకు తగిలాకే పరిగెత్తాను. అప్పుడు గుహలో పదిమంది పిల్లలున్నారు, బయటికి దారి ఒక్కటే, ఆ దారి మెట్లు పొగలో కనపడటం లేదు.

4. తెలియక వాడే రకరకాల పొగలు. డ్రై ఐస్ అంటే గడ్డకట్టిన కార్బన్ డయాక్సైడ్, మైనస్ 78 డిగ్రీల చల్లదనం. వేడి నీళ్లలో వేస్తే వచ్చే ఆ వాయువు గాలికంటే బరువు, నేలను పట్టుకుని ఉంటుంది. గుహ సెట్టింగుల్లో, గోతుల్లో అది పెద్దవాళ్ల మోకాళ్ల దగ్గర ఉంటే చిన్నపిల్లల ముక్కు దగ్గర ఉన్నట్టే, ఊపిరి అందదు. గట్టిగా మూత బిగించిన డబ్బాలో పెడితే డబ్బా పేలుతుంది. ఇక తామర కొలను సెట్టింగుల్లో వాడే అల్ట్రాసోనిక్ మిస్ట్ మేకర్లు. అవి నీటినే తుంపర చేస్తాయి. మన బోరు నీళ్లలో ఉప్పు ఎక్కువ, ఆ తుంపర వాలిన తడి గుండా కరెంటు ఇంకా తేలిగ్గా పోతుంది, ఆరాక తెల్లటి పొడి మిగులుతుంది. దాని అడాప్టర్ మాత్రం తొట్టి అంచు మీదే ఉంటుంది. కొన్ని ఊళ్లలో ఖర్చు తగ్గుతుందని దోమల మందు కొట్టే ఫాగింగ్ మిషన్ తెప్పిస్తున్నారు. అందులో మందును డీజిల్‌లోనో కిరోసిన్‌లోనో కలుపుతారు. కర్పూర హారతి వెలుగుతున్న చోట, పిల్లల మధ్య, దాన్ని ఏ పరిస్థితిలోనూ వాడకూడదు.

5. సాంబ్రాణి వాసన రావాలని లిక్విడ్‌లో అత్తరు కలుపుతున్నారు, మందుల షాపు గ్లిజరిన్ ఎక్కువ పోసి ఇంట్లో కలుపుకుంటున్నారు. అత్తరు నూనె వేడి దిమ్మలో మాడి నాజిల్ మూసుకుపోతుంది. గ్లిజరిన్ మరీ కాగితే కళ్లు, గొంతు మండించే ఘాటు వాయువు వస్తుంది. ఉబ్బసం ఉన్నవాళ్ల సంగతి వేరే చెప్పాలా.

2025 ఆగస్టులో హైదరాబాద్ రామంతాపూర్‌లో కృష్ణాష్టమి ఊరేగింపు రథానికి కరెంటు తగిలి ఐదుగురు చనిపోయారు. దానికీ ఫాగ్‌కీ సంబంధం లేదు. ఆ తర్వాత అందరం పైన వేలాడే వైర్ల గురించి మాట్లాడుకున్నాం, మాట్లాడాల్సిందే. మండపం లోపల, మోకాలెత్తులో, తడిగా ఉన్న వైర్ల గురించి కూడా ఎవరో ఒకరు చావకముందే మాట్లాడుకోవాలని నా ఆరాటం.

అందుకే ఇవి అడుగుతున్నాను. నంబర్లు పై వాటికి కొనసాగింపుగానే వేస్తున్నాను, జవాబు ఇచ్చేవాళ్లకు తేలిగ్గా ఉంటుంది.

6. విద్యుత్ శాఖ ఏఈ గార్లకు: 2025లో రెండు తెలుగు రాష్ట్రాల ప్రభుత్వాలూ గణేశ్ మండపాలకు ఉచిత కరెంటు ప్రకటించాయి. కమిటీలకు అది పెద్ద మేలు. ఆ కరెంటు ఇచ్చేటప్పుడు ఒక్క షరతు పెట్టండి. మీటరు పక్కన 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ, సరైన ఎర్తింగ్ ఉంటేనే లైను కలపాలి. ఆర్‌సీసీబీ మీద 'టీ' అని టెస్ట్ బటన్ ఉంటుంది. లైన్‌మన్ గారు దాన్ని ఒకసారి నొక్కితే లైను పోవాలి. అర నిమిషం పని. పోకపోతే కనెక్షన్ ఇవ్వకండి. మా కుర్రాళ్లు బతిమాలతారు, పైనుంచి ఫోన్లు చేయిస్తారు. అయినా ఇవ్వకండి. జనరేటర్ మీద నడిచే మండపాలకు ఇంకో మాట: జనరేటర్‌కు కరెంటు తిరిగి వచ్చే వైరు, అంటే న్యూట్రల్‌ను ఎర్త్‌కు కలపకపోతే ఆర్‌సీసీబీ ఉన్నా లేనట్టే. దాన్ని లైసెన్స్ ఉన్న ఎలక్ట్రీషియన్ చేత చూపించమని రాతపూర్వకంగా చెప్పండి.

7. అనుమతులిచ్చే అధికారులకు: మేం నింపిన దరఖాస్తులో విగ్రహం ఎత్తు అడిగారు, మైకు అడిగారు, నిమజ్జనం ఎక్కడో అడిగారు. 'ఫాగ్ మిషన్, డ్రై ఐస్, మిస్ట్ మేకర్ వాడుతున్నారా? ఎన్ని వాట్లు? వైరింగ్ చూసిన ఎలక్ట్రీషియన్ ఎవరు?' అని ఇంకొక్క వరస చేర్చండి. వాడుతున్నామని రాసినచోట గుహలాంటి సెట్టింగులకు రెండు దారులు తప్పనిసరి చేయండి. డ్రై ఐస్ అయితే మూసిన గుహల్లో, గోతుల్లో పూర్తిగా ఆపండి.

8. కమిటీ తమ్ముళ్లకు, ఇది మీకు అన్నగా చెబుతున్నాను:

పవర్ సప్లైలు, కంట్రోలర్లు, జంక్షన్ బాక్సులు పొగ ఉన్న గదిలోనే పెట్టకండి. తెర అవతల, ఛాతీ ఎత్తులో, గాలి ఆడే పొడి చోట పెట్టండి. ఐస్ మీదుగా పంపిన చల్లటి పొగ నేల మీదే పాకుతుంది, కాబట్టి నేల మీద పెట్టిన పెట్టే ముందు తడుస్తుంది. వేడి పొగ పైకి లేచి టార్పాలిన్ కింద చేరుతుంది, అక్కడ వైర్ల అతుకులు ఉండకూడదు. తడుస్తాయని పవర్ సప్లైకి పాలిథిన్ కవరు చుట్టకండి. వేడి బయటికి పోక అదే కాలిపోతుంది. లోపల పెట్టక తప్పకపోతే ఫ్యాను లేని, పూర్తిగా సీల్ చేసిన ఐపీ 67 రకం (దుమ్ము, నీళ్లు చొరనిది) కొనండి. ధర కొంచెం ఎక్కువే, పెట్టండి.

ఫాగ్ మిషన్‌కు విడిగా లైను లాగండి, 2.5 చదరపు మిల్లీమీటర్ల వైరు, 16 ఆంపియర్ల సాకెట్. లైట్ల డిమ్మర్‌కు, కంప్యూటర్ యూపీఎస్‌కు దాన్ని తగిలించకండి. నాజిల్ ముందు మూడడుగుల దాకా గుడ్డ, థర్మాకోల్, వైరు, ఏమీ ఉండకూడదు. మిషన్ సమానంగా ఉన్న గట్టి చోట ఉండాలి, ముక్కు కిందికి వంగి ఉంటే వేడి లిక్విడ్ చిమ్ముతుంది.

లిక్విడ్ పోసేటప్పుడు స్విచ్ ఆపడం కాదు, ప్లగ్గు పీకండి. వెనక పనిచేసే ఇద్దరు ముగ్గురికి రబ్బరు చెప్పులు, కింద రబ్బరు మ్యాటు ఉండనివ్వండి. స్వామి ముందు చెప్పులేసుకోవడం లేదు, సెట్టింగ్ వెనక, కరెంటు పని దగ్గర వేసుకుంటున్నారు. పూజారి గారితో ముందే మాట్లాడుకోండి, కాదనే పెద్దలు నాకు ఇంతవరకూ తగల్లేదు.

రోజూ పొద్దున మెయిన్ ఆపి, పొడిగుడ్డతో బోర్డులు, పెట్టెల పైభాగం తుడవండి. గుడ్డకు జిగట అంటిందంటే పొగ అక్కడిదాకా వస్తోందని అర్థం, ఆ పెట్టెను ఇంకా దూరం జరపండి. లోపలి మూత మాత్రం మీరు విప్పకండి, ప్లగ్గు తీశాక కూడా అందులో కొంతసేపు కరెంటు నిలవ ఉంటుంది.

9. నా తోటి లైటింగ్, టెంట్ హౌస్ వాళ్లకు: మనం కలిసి మాట్లాడుకోకపోవడమే సగం ప్రమాదం. లైట్లు ఒకరివి, ఫాగ్ మిషన్ ఇంకొకరిది, డీజే మరొకరిది, అందరం ఒకే బోర్డులో గుచ్చుతాం. ఎవరి లోడెంతో ఎవరికీ తెలియదు. పెద్ద పిన్ను పీకేసిన ప్లగ్గుతో మిషన్ అద్దెకు ఇవ్వకండి. లేబుల్ లేని లూజు లిక్విడ్ అమ్మకండి. ఇచ్చేటప్పుడు కమిటీలో ఒక్కరినైనా పక్కన కూర్చోబెట్టుకుని, ఎలా ఆపాలో చేసి చూపించండి. నేను ఒకప్పుడు ఇవేవీ చేయలేదు. ఫోన్ పట్టుకుని 'అదే వస్తుందిలే, బటన్ నొక్కు' అని చెప్పినవాణ్నే. ఆ నల్ల గీత చూశాక మానేశాను.

10. గ్రీవెన్స్ చూసే అధికారులకు: చావు లేకపోయినా, కరెంటు తగిలి మనిషి ఆస్పత్రి పాలైతే దాన్ని ప్రమాదంగా నమోదు చేయండి, వైరింగ్ విప్పకముందే ఒకరిని పంపి చూడండి. నా అర్జీ ఎలా పరిష్కరించారో ఒక కాగితం మీద రాసివ్వండి. పరిష్కారం కాలేదంటే దాన్ని మళ్లీ తెరవండి. ఈ ఏడాది మండపాల అనుమతులు మొదలయ్యేలోగా నాకు ఆ జవాబు కావాలి.

ఫొటోలు, ఆ నాలుగు పెట్టెల్లో ఒకటి నా దగ్గర దాచి ఉంచాను. ఏ సెక్షన్ ఆఫీసు పిలిచినా తెచ్చి చూపిస్తాను. మా పట్టణంలో ఏ కమిటీ అడిగినా, చవితికి ముందు వారం రోజులు సాయంత్రాలు వచ్చి ఎర్తింగ్, ఆర్‌సీసీబీ టెస్ట్ చేసి పెడతాను, కూలి అక్కర్లేదు. ఆ కుర్రాడు ఈసారీ కమిటీలో ఉన్నాడు. నాతో పాటు వచ్చి, ఎడమ చేత్తో టెస్ట్ బటన్ నొక్కే పని తను చేస్తానన్నాడు.

ఇట్లు,
ఒక మండపాల లైటింగ్ ఎలక్ట్రీషియన్,
గోదావరి తీరం